మగత వేరు, మందు వేరు



వరికోతల రోజుల్లో ఏ మందుల షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకటే తుమ్ములండీ, ఏదైనా బిళ్ళ ఇవ్వండి" అన్నది ఒకటి. "ఒళ్లంతా దద్దుర్లు, నవ ఆగట్లేదు" అన్నది రెండోది. వాటి వెనకే మూడో మాట కూడా వస్తుంది. "కాస్త గట్టిది ఇవ్వండి, మొన్నటిదానికి మగతే రాలేదు."

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మూడో మాట గురించి. మగత వస్తేనే మందు ఒంటికి పట్టినట్టని మనలో చాలామంది లెక్క. ఆ లెక్క తప్పు. తుమ్ముల్నీ దురదనీ ఆపే పని వేరు, మగత తెప్పించే పని వేరు. మొదటి పని చేస్తూ రెండోదాని జోలికి పెద్దగా పోని మాత్రలు వచ్చి చాలా ఏళ్లయింది. అవి ఎలా పనిచేస్తాయి, ఎలా వేసుకోవాలి, ఎక్కడ పనికిరావు అన్నవి ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

ముందు మన ప్రాంతం సంగతి. తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు కార్తీకం వెళ్లేసరికి చేలు కోతకొస్తాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు కాస్త వెనకా ముందూ. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో రైతు చేతికొచ్చిన సాంబ మసూరిని, మనవాళ్లు బీపీటీ అని పిలుచుకునే ఆ రకాన్ని, ఇప్పుడు కొడవళ్ల కంటే మిషన్లే ఎక్కువ కోస్తున్నాయి. మిషను వెనక లేచే పొట్టూ నుసీ ఒక ఎత్తు. మంచుకి తడిసిన గడ్డివాములో పట్టిన బూజు ఇంకో ఎత్తు. కాలవ గట్ల మీదా, రోడ్ల వెంటా వయ్యారిభామ పూత ఉండనే ఉంది. బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళితే ఇసుక నేలల్లో సరుగుడు తోటలు, వాటి పుప్పొడి. ఇవన్నీ తప్పించుకుని ఇంట్లో కూర్చుందామంటే, సంక్రాంతికని అటక మీద పాత పరుపులు దించి బూజులు దులుపుతారు. ఆ దుమ్ములో కంటికి ఆనని పురుగులుంటాయి. ఏడాది పొడుగునా తుమ్మేవాళ్లలో చాలామందికి పడనిది ఆ పురుగుల మలమే.

ఈ తుమ్ముల బాధ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో 1819లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు, ప్రతి ఎండాకాలం తన కళ్లూ ముక్కూ పడుతున్న అవస్థని లండన్ వైద్యసంఘం ముందు పూసగుచ్చినట్టు చెప్పాడు. 1873లో చార్లెస్ బ్లాక్‌లీ అనే మరో వైద్యుడు తన ముక్కు మీదే ప్రయోగాలు చేసుకుని, దీనికి మూలం గడ్డిజాతి మొక్కల పుప్పొడి అని తేల్చాడు. అక్కడ ఎండుగడ్డి కోసే రోజుల్లో వచ్చేది కాబట్టి హే ఫీవర్ అన్నారు గానీ, ఇందులో జ్వరం ఉండదు. మామూలు రొంపకీ దీనికీ తేడా తెలుసుకోవడానికి అదే మొదటి గుర్తు. మామూలు రొంపకి గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, వెచ్చదనం ఉంటాయి, వారం పది రోజుల్లో పోతుంది. అలర్జీ రొంపలో ముక్కు నుంచి నీళ్లలా కారుతుంది, కళ్లు నలుపుకోవాలనిపిస్తుంది, అంగిట్లో దురద పెడుతుంది. తుమ్ములు వరసగా పదీ పదిహేనూ వస్తాయి. అదే కాలానికో, అదే పనికో మళ్లీ మళ్లీ వస్తుంది.

లోపల జరిగేది ఇదీ. మన ముక్కు పొరల్లో, చర్మంలో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి నిండా హిస్టమిన్ అనే రసాయనం పొట్లాలు కట్టి ఉంటుంది. పుప్పొడి మీదో దుమ్ముపురుగు మీదో ఒంటికి ముందే పగ ఉన్నవాళ్లలో, ఐజీఈ అనే ప్రతిరక్షకాలు ఈ కణాల మీద కాపలా కూర్చుని ఉంటాయి. పడనిది తగలగానే నిమిషాల్లో పొట్లాలు విప్పుకుంటాయి. బయటపడ్డ హిస్టమిన్, హెచ్1 అనే గ్రాహకాల్లో కూర్చుంటుంది. నరం మీద కూర్చుంటే తుమ్మూ, దురదా. సన్నటి రక్తనాళం మీద కూర్చుంటే నాళం వెడల్పై నీరు ఊరుతుంది. ముక్కులో ఆ పని జరిగితే కారడం, చర్మంలో జరిగితే దద్దురు. తుమ్ముల మనిషికీ దద్దుర్ల మనిషికీ ఒకే మాత్ర ఎందుకు ఇస్తారో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

యాంటీహిస్టమిన్ మాత్ర హిస్టమిన్‌ని చంపదు, బయటికి పంపదు. రేపల్లె బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటారు చూడండి, సరిగ్గా అదే పని చేస్తుంది. హిస్టమిన్ కూర్చోవలసిన చోట ముందే తను చేరుతుంది. హిస్టమిన్ వచ్చినా చోటు దొరకదు. దీన్ని బట్టి ఒక వాడుక పద్ధతి తెలుస్తుంది. హిస్టమిన్ కూర్చున్నాక మాత్ర వేస్తే, లేపి కూర్చోవడానికి టైము పడుతుంది. ముందే వేస్తే అసలు గొడవే ఉండదు. రేపు పొద్దున కళ్లంలో పనుందంటే, మీకు ఏటా తుమ్ములొస్తాయని తెలిసి ఉంటే, ముక్కు కారేదాకా ఆగకుండా పనికి వెళ్లే గంట ముందే వేసుకోవడం మేలు. ఆ కోతల కాలమంతా రోజూ ఒకే వేళకి వేసుకుంటే ఇంకా మేలు. ఇవాళ ఒకటి, నాలుగు రోజులాగి ఇంకొకటి అన్నట్టు వేసుకుని "ఈ మందు నాకు పనిచెయ్యలేదు" అంటే అది మందు తప్పు కాదు.

ఇక మగత సంగతి. హిస్టమిన్‌కి ముక్కులోనూ చర్మంలోనూ ఉన్న పని ఒకటైతే, మెదడులో ఉన్న పని పూర్తిగా వేరు. అక్కడ అది మనల్ని మెలకువగా, చురుగ్గా ఉంచుతుంది. ఫ్రాన్సులో పాశ్చర్ సంస్థలో డానియెల్ బోవె, ఆన్ మరీ స్టౌబ్ 1937లో మొదటి యాంటీహిస్టమిన్‌ని చూపించారు. బోవెకి 1957లో నోబెల్ వచ్చింది. ఆ దారిలో వచ్చిన పాత మందులు మనకి బాగా తెలిసినవే: అవిల్ పేరుతో అమ్మే ఫెనిరమిన్, జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దగ్గు సిరప్పుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్. ఇవి కొవ్వులో తేలిగ్గా కరుగుతాయి. అందుకే రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న పొరని దాటిపోతాయి. దాటి, మెలకువ ఉంచే హిస్టమిన్ చోటుని కూడా ఆక్రమిస్తాయి. మనకి వచ్చే తూగు అదే. దానికీ ముక్కు బాగుపడటానికీ సంబంధం లేదు.

కొత్త తరం మాత్రలు ఆ పొరని అంత తేలిగ్గా దాటలేవు. కాస్తో కూస్తో లోపలికి దూరినా, ఆ పొరలోనే ఉన్న ఒక ప్రోటీన్ పంపు వాటిని వెనక్కి నెట్టేస్తుంది. జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మనుషుల మెదడుని స్కాన్ తీసి చూశారు. పాత రకం మందు మామూలు మోతాదులోనే మెదడులోని హెచ్1 చోట్లలో సగం దాకా ఆక్రమించింది. కొత్త తరం మాత్ర ఫెక్సోఫెనడిన్ వేసుకున్నవాళ్ల మెదడులో దాని జాడ దాదాపు కనపడలేదు. సిట్రజిన్, లోరటడిన్, బిలాస్టిన్ లాంటివి కూడా కొత్త తరమే. అయితే వీటిలో సిట్రజిన్, లీవోసిట్రజిన్ కొందరికి కొద్దిపాటి మగత తెస్తాయి. సిట్రజిన్ అసలు పుట్టుకే పాత మందైన హైడ్రాక్సిజైన్ నుంచి. అది ఒంట్లో మారి తయారయ్యే రూపమే ఇది. అందుకని మొదటిసారి వేసుకునేవాళ్లు దాన్ని రాత్రిపూట వేసుకుని, మర్నాడు ఎలా ఉందో చూసుకోవడం మంచిది.

మగతని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన 2000లో అచ్చయింది. అలర్జీ రొంప ఉన్న 40 మంది డ్రైవర్లని, నిజం కారులాగే ఉండే నమూనా కారులో నడిపించి చూశారు. ఒక్కొక్కరికీ ఒకసారి ఫెక్సోఫెనడిన్, ఒకసారి డైఫెన్‌హైడ్రమిన్, ఒకసారి మద్యం, ఒకసారి ఏ మందూ లేని ఉత్తుత్తి గుళిక ఇచ్చారు. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు ఉత్తుత్తి గుళిక వేసుకున్నట్టే నడిపారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నప్పుడు మద్యం తాగినప్పటి కంటే కూడా అధ్వాన్నంగా నడిపారు. ఇంకో మాట గమనించండి. తమకి ఎంత మగతగా ఉందో వాళ్లు చెప్పినదానికీ, ఎంత బాగా నడిపారన్నదానికీ పొంతన కుదరలేదు. "నాకేం నిద్ర రావట్లేదు, నేను బాగానే ఉన్నాను" అని మనం చెప్పే మాటని నమ్మడానికి లేదన్నమాట.

ఇప్పుడు మన వైపు చూడండి. పొద్దున జలుబు బిళ్ళ వేసుకుని కోత మిషను ఎక్కేవాళ్లున్నారు. ట్రక్కు నిండా ధాన్యం బస్తాలతో తెనాలి మిల్లుకి ట్రాక్టరు తోలుకొచ్చేవాళ్లున్నారు. ఆటో నడిపేవాళ్లు, నిజాంపట్నం నుంచి వేటకి బోటు తీసేవాళ్లు ఉన్నారు. చదువుకునే పిల్లలున్నారు. ఇంగ్లండులో పదో తరగతి ఈడు విద్యార్థుల పరీక్షల్ని పరిశీలిస్తే, పుప్పొడి కాలంలో బాధపడేవాళ్లకి మార్కులు తగ్గే అవకాశం ఎక్కువగా కనపడింది. మగత మందు వాడినవాళ్లలో అది ఇంకా ఎక్కువ. మన పిల్లల పరీక్షలు కూడా మామిడి పూత దాటిన వెంటనే వస్తాయి.

జలుబు బిళ్ళ అట్టని ఒకసారి తిప్పి చూడండి. వెనక సన్న అక్షరాల్లో మూడు పేర్లుంటాయి. పారసిటమాల్ ఒకటి, ఫినైల్‌ఎఫ్రిన్ ఒకటి, మూడోది చాలాసార్లు క్లోర్‌ఫెనిరమిన్. ఆ మూడోదే మగత. కింద నిద్ర రావచ్చు, వాహనం నడపవద్దు అన్న హెచ్చరిక కూడా ఉంటుంది గానీ, అద్దాలు పెట్టుకున్నా కనపడనంత చిన్నగా. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడవద్దని అట్ట మీద రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. పసిపిల్లలకి "నిద్రపోతాడులే" అని సిరప్పు పట్టే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ ఫెక్సోఫెనడిన్ కథలో మనవాళ్ల పేరు కూడా ఉంది. దీనికి ముందు టర్ఫెనడిన్ అనే మందుండేది. అమెరికాలో 1985లో అమ్మకానికొచ్చింది, మగత లేదని బాగా పేరు తెచ్చుకుంది. తర్వాత తెలిసిందేమిటంటే, ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్ లాంటి మందులు కలిస్తే కాలేయం దాన్ని మార్చలేకపోతుంది, రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పుతుంది. కాలేయం టర్ఫెనడిన్‌ని మార్చి తయారుచేసే పదార్థమే ఫెక్సోఫెనడిన్. రోగానికి పనిచేసేది అదే, గుండెకి ఆ ప్రమాదం లేనిదీ అదే. 1996లో దాన్నే నేరుగా మాత్రగా తెచ్చారు, 1998లో టర్ఫెనడిన్‌ని అక్కడి అంగళ్ల నుంచి తీసేశారు. మొదట్లో పేటెంటు కంపెనీ ధరకే అమ్ముడైన ఆ మాత్రకి, 2006లో అమెరికాలో జనరిక్ రూపం తెచ్చిన కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్ ఒకటి. ఆ కంపెనీని 1984లో పెట్టిన కల్లం అంజిరెడ్డి గారు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు, గుంటూరు ఏసీ కాలేజీలో చదువుకున్నవారు. ఇవాళ మన ఊరి షాపులో ఈ మాత్రలు ఇన్ని పేర్లతో, ఇన్ని ధరల్లో దొరుకుతున్నాయంటే జనరిక్ తయారీ ఇక్కడ వేళ్లూనుకోవడం వల్లే. కంపెనీ పెట్టిన పేరు కాదు, అట్ట మీది అసలు మందు పేరూ, మిల్లీగ్రాముల అంకె చూసి అడగండి.

వాడకం సంగతికొద్దాం. పెద్దవాళ్లకి అలర్జీ రొంపకి ఫెక్సోఫెనడిన్ 120 మిల్లీగ్రాములు, దద్దుర్లకి 180, రోజుకి ఒక్కసారి. సిట్రజిన్, లోరటడిన్ అయితే 10. ఫెక్సోఫెనడిన్‌ని మంచినీళ్లతోనే మింగాలి. నారింజ రసం, యాపిల్ రసం దాన్ని పేగు నుంచి రక్తంలోకి సరిగా ఎక్కనివ్వవు. బత్తాయి కూడా ఆ కుటుంబమే కాబట్టి, మాత్ర చేతిలో పెట్టుకుని రసం గ్లాసు పక్కన పెట్టండి. కడుపుమంటకి అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ద్రవం మందు తాగేవాళ్లు, దానికీ దీనికీ రెండు గంటల ఎడం పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు డాక్టరు చెప్పిన మోతాదే వాడాలి. అలర్జీ పరీక్షకని చేతి మీద సూదులతో గుచ్చి చూపించుకోబోయేవాళ్లు, కొన్ని రోజుల ముందే ఈ మాత్రలు ఆపాలి, లేకపోతే పరీక్ష తప్పు చెబుతుంది. ఎన్ని రోజుల ముందన్నది డాక్టర్నే అడగండి. మాంటెలుకాస్ట్ కలిసిన జంట మాత్రలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మాంటెలుకాస్ట్ కొందరికి పీడకలలు, మనసు చెదిరిపోవడం తేగలదు. అమెరికా ఔషధ సంస్థ 2020లో దానికి గట్టి హెచ్చరిక పెట్టింది. కాబట్టి ఆ జంట మాత్రని మీ అంతట మీరు కొనుక్కోవద్దు.

ఒక్క మాత్రతో అన్నీ పోవు. తుమ్ములు, కారడం, దురద బాగా తగ్గుతాయి. ముక్కు దిబ్బడ మాత్రం అంతగా తగ్గదు, ఎందుకంటే దానికి హిస్టమిన్ ఒక్కటే కారణం కాదు. దిబ్బడే ఎక్కువగా ఉన్నవాళ్లకి డాక్టరు రాసే స్టెరాయిడ్ ముక్కు స్ప్రే ఎక్కువ మేలు చేస్తుంది. రోజూ కొట్టుకోవాలి, దాని గుణం కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది. పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ఉబ్బసం కావచ్చు. దానికి పీల్చే మందు కావాలి, ఈ మాత్ర సరిపోదు.

ఇంకొక మాట. తుమ్ములన్నిటినీ "ఈస్నోఫీలియా" అనేసే అలవాటు మనకుంది. మన డెల్టాలో ఒకప్పుడు బోదకాలు బాగా ఉండేది. బోదకాలు తెచ్చే పురుగు వల్లే రాత్రిళ్లు పొడిదగ్గు, ఆయాసం తెచ్చే జబ్బు ఒకటుంది, రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరుగుతాయి. దానికి వాడే హెట్రజాన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనల నుంచి వచ్చింది. అది గొప్ప మందే. కానీ కోతల తుమ్ములకి ఆ మందు కాదు. మామూలు అలర్జీలో కూడా ఇసినోఫిల్స్ కొంత పెరుగుతాయి. కాగితం మీద అంకె చూసి మందు మార్చుకోకండి.

దద్దుర్ల సంగతి. దద్దురుకి ఒక స్వభావం ఉంది, ఒకచోట నిలవదు. నమ్మకం కుదరకపోతే బాల్‌పెన్నుతో ఒక దద్దురు చుట్టూ గీత గియ్యండి. మర్నాడు అదే వేళకి చూస్తే గీత మిగులుతుంది, దద్దురు పోతుంది, ఇంకెక్కడో కొత్తది లేస్తుంది. అలా ఉంటే అది మామూలు దద్దురు, ఈ మాత్రకి లొంగుతుంది. గీత లోపలే ఒక రోజు దాటి నిలిచినా, దురద కంటే మంట ఎక్కువున్నా, తగ్గాక కమిలిన మచ్చ మిగిలినా అది వేరే జబ్బు, చర్మ వైద్యులకి చూపించాలి.

దద్దుర్లు లేవగానే మనింట్లో మొదట వంకాయ, గోంగూర, చేపలు ఆపేస్తారు. తిండి వల్ల వచ్చే దద్దుర్లు తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో లేస్తాయి, అదే తిండికి మళ్లీ మళ్లీ లేస్తాయి. నిజాంపట్నం రొయ్యలు తిన్న ప్రతిసారీ వస్తే రొయ్యల్ని అనుమానించండి. అలా లేకుండా అన్నీ మానిపించి మనిషిని పథ్యంతో చిక్కి శల్యం చెయ్యకండి. వైరస్ జ్వరం తర్వాత, కొన్ని యాంటీబయాటిక్స్ తర్వాత కూడా వస్తాయి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఉన్న దద్దుర్లని రేపుతాయి. ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉంటే దీర్ఘకాలపు దద్దుర్లంటారు. వాటిలో చాలాభాగానికి తిండితో పని లేదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడుతుంది. అలాంటివాళ్లు మాత్రని రోజూ వాడాలి. ఒకదానితో తగ్గకపోతే కొత్త తరం మాత్రనే నాలుగింతల దాకా డాక్టరు పెంచుతారు. అప్పటికీ తగ్గకపోతే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. మీ అంతట మీరు మాత్రలు పెంచుకోవడం గానీ, నవ తట్టుకోలేక నెలల తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు మింగడం గానీ వద్దు. వాటితో షుగరు, బీపీ, ఎముకల బలహీనత రావచ్చు.

మాత్ర అసలు పనికిరాని చోటు ఒకటుంది. రొయ్యలు తిన్నాకో, తేనెటీగ కుట్టాకో, ఇంజెక్షన్ పడ్డాకో దద్దుర్లతో పాటు నాలుక ఉబ్బితే, గొంతు బిగుసుకుంటే, ఊపిరాడకపోతే, కళ్లు తిరిగి పడిపోతే అప్పుడు మాత్ర కోసం వెతక్కండి. 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకండలోకి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్.

చివరిగా నా సలహా ఒక్కటే. మందుల షాపులో "తుమ్ములకి బిళ్ళ" అని ఊరుకోకండి. "ఇది మగత వచ్చే రకమా, రాని రకమా?" అని అడగండి. మీరేం పని చేస్తారో కూడా చెప్పండి: ట్రాక్టరు తోలతానని, రాత్రి డ్యూటీ అని, అబ్బాయికి పరీక్షలని. ఇంతకు ముందు నుంచి వాడుతున్న మందులుంటే ఆ అట్టలు వెంట తీసుకెళ్లండి. ముక్కు తేలికై, నవ తగ్గి, మీ పని మీరు చురుగ్గా చేసుకోగలిగితే మందు పనిచేసినట్టు. రాత్రి నిద్ర ఎలాగూ పనిచేసిన ఒంటికి అదే వస్తుంది.